నొప్పి మాత్ర వేసుకుని పరుగెత్తకు తమ్ముడూ

ఈ వారం వచ్చిన ఉత్తరం:

“నమస్తే అన్నా. నాకు 23 ఏళ్లు, మాది కరీంనగర్ పక్కన చిన్న ఊరు. డిగ్రీ అయ్యాక టౌన్‌లో రూమ్ తీసుకుని ముగ్గురు దోస్తులతో కలిసి కానిస్టేబుల్‌కు ప్రిపేర్ అవుతున్నాను. నాలుగు నెలల కింద పరుగు మొదలుపెట్టాను, అంతకుముందు ఎప్పుడైనా క్రికెట్ ఆడటం తప్ప ఏమీ లేదు. మొదటి వారం రోజుకు రెండు కిలోమీటర్లు, మూడో వారానికల్లా దోస్తులతో పాటు పది. ఆదివారం ఒక్కటే పరుగు ఉండదు. పొద్దున అయిదింటికి బైపాస్ రోడ్డు మీద పరుగెత్తుతాం. సాయంత్రం వారానికి మూడు రోజులు జిమ్‌లో బరువుతో స్క్వాట్స్ కొడతాను. ఆదివారం గ్రౌండ్‌లో సీనియర్లు చెప్పినట్టు బస్కీలు, కప్పగెంతులు వందకు తక్కువ కాకుండా చేస్తాను. నెలన్నర నుంచి కుడి మోకాలికి ముందువైపు, చిప్ప చుట్టూ నొప్పి. మెట్లు ఎక్కేటప్పటి కంటే దిగేటప్పుడు ఎక్కువ. లైబ్రరీలో రెండు గంటలు కూర్చుని లేస్తే కాలు చాపడానికి భయమేస్తోంది. వాపు లేదు. కూర్చున్నా లేచినా టకటక శబ్దం వస్తోంది. ఎక్స్‌రే నార్మల్ అని వచ్చింది, కానీ చూసినాయన గుజ్జు అరుగుతోంది, పరుగు బంద్ చెయ్యి అన్నాడు. ఇప్పుడు పరుగుకు ముందు నొప్పి మాత్ర వేసుకుని వెళ్తున్నా. ఈవెంట్స్ (పరుగు, జంప్, గుండు పరీక్షలు) ముందు మోకాల్లో ఇంజెక్షన్ వేయించుకుంటే అయిపోతుందని ఒక దోస్తు అంటున్నాడు. అమ్మ ఆముదం రాసి కట్టు కడుతోంది, ఈ ఉద్యోగమే వద్దు బిడ్డా అంటోంది. నిజంగా గుజ్జు అరిగిందా? పరుగు మానెయ్యాలా?”

తమ్ముడూ, నీ ఉత్తరంలో నన్ను అన్నిటికంటే టెన్షన్ పెట్టింది మోకాలు కాదు, ఆ మాత్ర. అందుకే దాని సంగతి మొదట చెప్తాను, రేపు పొద్దున కూడా నువ్వు అది వేసుకునే బయల్దేరతావు కాబట్టి.

నొప్పి మాత్ర మోకాలిని బాగుచెయ్యదు. ‘ఇక చాలు, ఆపు’ అని మోకాలు చెప్పే మాట నీకు వినపడకుండా చేస్తుంది, అంతే. అది వినపడక నువ్వు మూడో కిలోమీటరు దగ్గర ఆగాల్సినవాడివి పది దాకా వెళ్తున్నావు, సాయంత్రానికి మందు దిగాక నొప్పి రెట్టింపై వస్తోంది, దానికి ఇంకో మాత్ర. ఇది ఒక సంగతి. రెండోది కిడ్నీలు. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ లాంటి మాత్రలు కిడ్నీలకు రక్తం వెళ్లే దారిని కొంత బిగిస్తాయి. పరగడుపున ఒక గ్లాసు నీళ్లు కూడా తాగకుండా మాత్ర మింగి, గంటసేపు చెమట కక్కుతూ పరుగెత్తితే ఆ దెబ్బ ఇంకా గట్టిగా పడుతుంది, మన ఎండాకాలంలో మరీనూ. కడుపులో పుండ్లు సరేసరి. డాక్టరు రాసిస్తే తిన్న తర్వాత నాలుగైదు రోజులు వేసుకోవడం వేరు, పరుగుకు ముందు టీ తాగినట్టు రోజూ వేసుకోవడం వేరు. రేపటి నుంచి ఆపెయ్.

ఇంజెక్షన్ విషయం కూడా ఇక్కడే తేల్చేద్దాం. నీ దోస్తు చెప్పేది స్టెరాయిడ్ ఇంజెక్షన్. అది కొందరికి, కొన్ని జబ్బులకు పనికొచ్చేదే, నేను కాదనను. కానీ ఈవెంట్స్‌కు రెండు రోజుల ముందు ఎవరో ఒకరి చేత వేయించుకుని, అది చిప్ప కింద ఉండే టెండన్‌లోకి (కండరాన్ని ఎముకకు కలిపే గట్టి తాడు లాంటిది) పోయి, ఆ మరుసటి రోజే లాంగ్ జంప్ చేస్తే అది తెగే ప్రమాదం ఉంది. అలా తెగితే ఆపరేషన్, తర్వాత నెలల తరబడి మంచం, కర్రలు. ఆ ఆలోచనే పెట్టుకోవద్దు.

ఇప్పుడు గుజ్జు. పదిహేనేళ్లుగా ఫిజియోథెరపీ చేస్తున్నాను. పోలీసు నోటిఫికేషన్ వస్తుందన్న మాట పుట్టగానే నా దగ్గరికి నీ వయసు పిల్లలు వరుస కడతారు, అందరి నోటా ఇదే మాట, ‘గుజ్జు అరిగిపోయిందట సార్’. మన దగ్గర మోకాలు నొప్పి అంటే చాలు, ఇరవై ఏళ్ల కుర్రాడికైనా అరవై ఏళ్ల ముసలమ్మకైనా గుజ్జే అరుగుతుంది, ఎందుకో నాకు అర్థం కాదు. ఎక్స్‌రేలో గుజ్జు కనపడదు. రెండు ఎముకల మధ్య సందు ఎంతుందో కనపడుతుంది, ఆ సందు తగ్గితే గుజ్జు తగ్గిందని అనుకుంటాం. నీ ఎక్స్‌రే నార్మల్ అని నువ్వే రాశావు. ఇంకో సంగతి, గుజ్జుకు నరాలు ఉండవు, అది తనంతట తాను నొప్పి పుట్టించలేదు. నొప్పి వచ్చేది దాని కింద ఉన్న ఎముక నుంచి, చుట్టూ ఉన్న పొర నుంచి, చిప్ప కింద ఉండే కొవ్వు మెత్త నుంచి. అవి ఒత్తిడికి రేగాయి, విశ్రాంతి దొరికితే చల్లబడతాయి. టకటక శబ్దం అంటావా, నొప్పీ వాపూ లేకుండా శబ్దం ఒక్కటే వస్తే దానికి ఏ అర్థమూ లేదు, నిండు ఆరోగ్యంగా ఉన్న మోకాళ్లు కూడా బోలెడు చప్పుడు చేస్తాయి.

పరుగు వల్ల మోకాళ్లు అరుగుతాయన్న భయం గురించి కూడా ఒక మాట. 2017లో చాలా పరిశోధనలను ఒకచోట చేర్చి లెక్క చూశారు. ఆరోగ్యం కోసం, సరదా కోసం పరుగెత్తేవాళ్లలో తుంటి, మోకాళ్ల అరుగుదల 3.5 శాతం మందికి ఉంటే, అసలు పరుగెత్తకుండా కూర్చునేవాళ్లలో 10.2 శాతం మందికి ఉంది. పోటీల స్థాయిలో విపరీతంగా పరుగెత్తేవాళ్లలో మాత్రం 13.3 శాతం. కూర్చునేవాళ్ల అరుగుదలకు బరువు, వయసు లాంటి కారణాలు కూడా ఉండొచ్చు, అయినా పరుగు అనగానే మోకాలు పోతుందని అమ్మ భయపడాల్సిన పని లేదని ఈ అంకెలు చూపించి చెప్పు.

మరి నీకెందుకు వచ్చింది? నీ ఉత్తరంలోనే ఉంది. రెండు కిలోమీటర్ల నుంచి పదికి మూడు వారాల్లో వెళ్లావు. నీ గుండె, ఊపిరితిత్తులు త్వరగా అలవాటు పడ్డాయి, దమ్ము పెరిగింది, దాంతో శరీరం మొత్తం సిద్ధమైందని అనుకున్నావు. ఎముకలు, టెండన్లు, కీళ్ల లోపలి పొరలు అంత వేగంగా గట్టిపడవు, వాటికి నెలలు పడుతుంది. పది కిలోమీటర్ల పరుగులో ఒక్కో కాలు దాదాపు అయిదు వేల సార్లు నేలను తాకుతుంది, ప్రతిసారీ చిప్ప వెనక పడే ఒత్తిడి నీ బరువుకు నాలుగైదు రెట్లు ఉంటుంది. అది వారానికి ఆరు రోజులు. దాని మీద మూడు సాయంత్రాలు బరువుతో స్క్వాట్స్, అవీ చిప్పనే నొక్కుతాయి. మిగిలిన ఆదివారం బస్కీలు, కప్పగెంతులు. నీ మోకాలికి వారంలో ఒక్క రోజు కూడా సెలవు లేదు తమ్ముడూ. కప్పగెంతులు చేయించే సీనియర్లకు చెడు ఉద్దేశం ఉందని కాదు, వాళ్లకూ ఎవరో అలాగే నేర్పారు, కానీ పూర్తిగా మడిచిన మోకాలి మీద వంద సార్లు ఎగిరి దూకడం వల్ల 1600 మీటర్లలో ఒక్క సెకను కూడా తగ్గదు.

అసలు ప్రశ్న ఇక్కడ ఉంది. 2022 నోటిఫికేషన్‌లో తెలంగాణ మగ అభ్యర్థులకు పెట్టింది 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో, 4 మీటర్ల లాంగ్ జంప్, 7.26 కిలోల గుండు 6 మీటర్లు. ఈసారి నోటిఫికేషన్ వచ్చాక నియమాలు మారాయేమో తప్పకుండా చూసుకో. నేను అడిగేదేమిటంటే, నాలుగు చుట్ల పరుగు కోసం రోజుకు పాతిక చుట్లు ఎందుకు? 7 నిమిషాల 15 సెకన్లంటే 400 మీటర్ల ట్రాక్ మీద చుట్టుకు ఒక నిమిషం 48 సెకన్లు. నువ్వు రోడ్డు మీద కిలోమీటరుకు ఆరు నిమిషాల చొప్పున గంటసేపు లాగితే ఆ వేగం రాదు, అలసట ఒక్కటే వస్తుంది. మీ బ్యాచ్‌లో ఎవరు ఎన్ని కిలోమీటర్లు కొట్టారన్నది గొప్ప అయిపోయింది, అందులో మోకాళ్లు నలిగిపోతున్నాయి.

నువ్వు చెప్పిన లక్షణాలు, చిప్ప చుట్టూ నొప్పి, మెట్లు దిగేటప్పుడు, ఎక్కువసేపు మోకాలు మడిచి కూర్చున్నాక, వాపు లేకపోవడం, ఇవన్నీ ‘రన్నర్స్ నీ’ (పరుగెత్తేవాళ్లకు వచ్చే మోకాలి నొప్పి) అని పిలిచేదానికి బాగా సరిపోతున్నాయి. అయినా ఉత్తరం చూసి చెప్పేది సగమే. ఒక పరీక్ష నువ్వే చేసుకో. కాలు చాపి కూర్చుని చిప్ప కింది అంచున వేలితో నొక్కు, సరిగ్గా అక్కడే, ఒక రూపాయి బిళ్లంత చోటులోనే ప్రాణం పోయేంత నొప్పి ఉంటే అది చిప్ప కింది టెండన్, జంప్స్ ఎక్కువ చేసేవాళ్లకు వస్తుంది. మోకాలికి బయటి పక్కన, పరుగు మొదలుపెట్టిన కాసేపటికి, ప్రతిసారీ దాదాపు అదే దూరం దగ్గర పట్టేస్తే అది తొడ బయటి పట్టీ. మోకాలు కాకుండా దాని కింద కాలి ముందువైపు ఎముక మీద ఒకే చోట నొప్పి ఉండి, ఒంటికాలి మీద గెంతితే భరించలేకపోతే పరుగు ఆ రోజే ఆపి డాక్టరుకు చూపించాలి, ఎముకలో సన్నని పగులు ఉండొచ్చు, దానికి విశ్రాంతి తప్ప వేరే దారి లేదు.

ఇవి కాకుండా ఇంకొన్నిటికి కూడా నా సలహాలతో ఆగొద్దు. మోకాలు మెలిక పడి కొన్ని గంటల్లోనే ఉబ్బిపోతే, మడిచిన కాలు చాపలేక లాక్ అయితే, నడుస్తుంటే మోకాలు ఉన్నట్టుండి జారిపోయినట్టు వదిలేస్తే, ఎర్రబడి వేడిగా ఉండి జ్వరం వస్తే, రాత్రి నిద్రలో నొప్పి లేపేస్తే, పిక్క ఒక్కసారిగా వాచి గట్టిపడితే నేరుగా ఆసుపత్రికి వెళ్లు. డబ్బులకు భయపడొద్దు, జిల్లా ప్రభుత్వ ఆసుపత్రి ఎముకల ఓపీలో చూపించుకో. నీకు ఇప్పుడైతే ఎంఆర్‌ఐ కూడా అవసరం లేదు, ఆరేడు వారాలు సరిగ్గా చేశాక కూడా తగ్గకపోతే అప్పుడు ఆలోచిద్దాం.

ఇక చెయ్యాల్సింది. పరుగు పూర్తిగా మానొద్దు, మంచం ఎక్కొద్దు. పూర్తిగా ఆపితే నొప్పి తగ్గుతుంది, తొడ కండరాలు కూడా తగ్గుతాయి, మళ్లీ మొదలుపెట్టగానే అదే నొప్పి వస్తుంది. ఒక చిన్న నోటుబుక్కు పెట్టుకుని నొప్పికి సున్నా నుంచి పది దాకా మార్కులు వెయ్యి. చేస్తున్నప్పుడు మూడు దాటకూడదు, మర్నాడు పొద్దున లేచేసరికి ముందు రోజు పని మొదలుపెట్టక ముందు ఎంతుందో అంతకే దిగిపోవాలి. ఈ రెండూ కుదిరితే ఆ పని నీ మోకాలు భరిస్తోందని లెక్క. కుదరకపోతే చేసింది ఎక్కువైంది, మరుసటిసారి తగ్గించు. ఎన్ని కిలోమీటర్లన్నది నీ దోస్తులు కాదు, ఆ నోటుబుక్కు చెప్పాలి.

మొదటి పది రోజులు కప్పగెంతులు, బస్కీలు, బరువు స్క్వాట్స్, జంప్స్ బంద్. నడక మంచిది, సైకిల్ మంచిది, కాకపోతే సైకిల్ సీటు ఎత్తు పెంచుకో, సీటు కిందికి ఉంటే మోకాలు ఎక్కువ మడిచి అదే నొప్పి తెచ్చుకుంటావు. గుండు విసరడం నిలబడే చోటు నుంచి ప్రాక్టీస్ చెయ్యి, దానికి మోకాలు అడ్డం రాదు, చాలామంది చివరి వారం దాకా దాన్ని పట్టించుకోరు కాబట్టి ఈ సమయం నీకు లాభమే. తర్వాత రోజు విడిచి రోజు, ఒక నిమిషం మెల్లగా పరుగు, ఒక నిమిషం నడక, అలా పది సార్లు. మార్కులు మూడు లోపు ఉంటే పరుగు రెండు నిమిషాలు చెయ్యి, ఆ తర్వాత మూడు. ఇరవై అయిదు నిమిషాలు ఆగకుండా హాయిగా పరుగెత్తగలిగాక, అంతకుముందు వద్దు, ట్రాక్ మీద వేగం పని మొదలుపెట్టు. ముందు 200 మీటర్లు 54 సెకన్లలో, మధ్యలో నడుస్తూ దమ్ము తీసుకుని, ఆరు సార్లు. కొన్ని వారాలకు 400 మీటర్లు ఒక నిమిషం 48 సెకన్లలో, నాలుగు సార్లు. ఇది వారానికి రెండు రోజులు మించొద్దు, ఆ రెండు రోజుల మధ్య కనీసం రెండు రోజుల తేడా ఉండాలి.

పరుగెత్తే తీరులో ఒక్కటే మార్చుకో. నిమిషంలో నీ కుడికాలు ఎన్నిసార్లు నేల తాకుతోందో లెక్కపెట్టు. 78 వచ్చిందనుకో, అదే వేగంలో అడుగు కాస్త చిన్నది చేసి 82, 83 దాకా తీసుకురా. పాదం నీ ఒంటికి చాలా ముందుగా పడి మడమతో నేలను కొట్టే అలవాటు ఉంటే అది దానంతట అదే తగ్గుతుంది, మోకాలి మీద ఒత్తిడి కూడా తగ్గుతుంది. మొదటి వారం పిక్కలు లాగుతాయి, కంగారు పడకు.

అసలు మందు మాత్రం కండరం. వారానికి మూడు రోజులు చాలు, కానీ ఎగ్గొట్టకుండా. స్కూల్లో హోమ్‌వర్క్ చెయ్యకపోతే గోడకుర్చీ వేయించేవాళ్లు గుర్తుందా, అదే. వీపు గోడకు ఆనించి, మోకాళ్లు నొప్పి రానంత వరకే మడిచి, తొడలు నేలకు సమానంగా రావాల్సిన అవసరం లేదు, 30 నుంచి 45 సెకన్లు, అయిదు సార్లు. తర్వాత వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి నడుము పైకెత్తడం, పన్నెండు చొప్పున మూడు సార్లు, రెండు వారాలకు ఒంటికాలితో. ఒక పక్కకు పడుకుని పై కాలు తిన్నగా, కొంచెం వెనక్కి పెట్టి పైకెత్తడం, పదిహేను చొప్పున మూడు సార్లు. ఈ రెండూ పిరుదు కండరాలకు, అవి బలహీనంగా ఉంటే ప్రతి అడుగుకూ మోకాలు లోపలికి వాలుతుంది, అద్దం ముందు ఒంటికాలి మీద కొద్దిగా కూర్చుని చూసుకుంటే నీకే తెలుస్తుంది. ఒంటికాలి మీద మడమ ఎత్తి దించడం, పిక్క కోసం, పదిహేను చొప్పున మూడు సార్లు. మూడో వారం నుంచి మెట్టు దిగడం. ఒక్క మెట్టు మీద కుడికాలితో నిలబడి, ఎడమ మడమ నేలకు తాకేదాకా మూడు సెకన్లు లెక్కపెడుతూ దిగి మళ్లీ పైకి రావాలి, పది చొప్పున మూడు సార్లు. అద్దంలో మోకాలు కాలి రెండో వేలి వైపే చూస్తుండాలి. నిన్ను ఇప్పుడు ఏడిపిస్తున్న ఆ మెట్లతోనే మోకాలు బాగుపడుతుంది. బరువు స్క్వాట్స్ అయిదారు వారాలకు మళ్లీ మొదలుపెట్టొచ్చు, సగం మడిచి, తక్కువ బరువుతో.

షూస్. వారానికి అరవై కిలోమీటర్ల చొప్పున నీవి ఇప్పటికే 800 కిలోమీటర్లు దాటి ఉంటాయి. మామూలుగా 500 నుంచి 800 మధ్య అడుగు భాగం చచ్చుబడిపోతుంది, పైకి కొత్తగానే కనిపించినా సరే. కొత్త జత కొనుక్కో, బ్రాండ్ కంటే నీ కాలికి హాయిగా ఉందా లేదా చూసుకో. చెరువు కట్ట మీద గట్టి మట్టి బాట ఉంటే రోడ్డు కంటే అక్కడే నయం, గుంతలు లేకుండా చూసుకో. రోడ్డే గతి అయితే ఎప్పుడూ ఒకే పక్కన పరుగెత్తకు, రోడ్డు అంచుకు వాలు ఉంటుంది, ఒక కాలు ఎప్పుడూ పల్లంలో పడుతుంది.

నీక్యాప్ వేసుకుంటే హాయిగా ఉందనిపిస్తే వేసుకో, చెడు లేదు. పరుగు తర్వాత ఐసు గుడ్డలో చుట్టి పది నిమిషాలు పెట్టుకో. అమ్మ ఆముదం రాస్తే రాయనివ్వు, వేడికీ ఆ చేతికీ కండరం వదులవుతుంది, గట్టిగా పిసకొద్దని మాత్రం చెప్పు. కట్టు వద్దు. పుత్తూరు కట్టు అనీ ఇంకోటనీ ఎవరైనా చెప్తే వెళ్లకు, అది విరిగిన ఎముకలకు పేరుపడ్డ కట్టు, నీకు ఎముక విరగలేదు. మోకాలు కదలకుండా కట్టేస్తే తొడ సన్నబడుతుంది, అంతే.

నువ్వు రాయలేదు కానీ నేను ఊహించగలను, రాత్రి ఒంటిగంట దాకా జనరల్ స్టడీస్ చదివి అయిదింటికి లేస్తున్నావు కదా. నా దగ్గరికి వచ్చే పిల్లల్లో సగం మంది ఇంతే. పగలు మోకాలికి చేసిన డ్యామేజీ రాత్రి నిద్రలో మరమ్మతు అవుతుంది, నాలుగు గంటల నిద్రలో ఆ పని సగంలోనే ఆగిపోతుంది. ఏడు గంటలు పడుకో. చదువు పగటికి జరుపుకో, లైబ్రరీలో ప్రతి నలభై నిమిషాలకు లేచి రెండు నిమిషాలు నడువు, కూర్చున్నప్పుడు కాళ్లు కుర్చీ కిందికి మడవకుండా ముందుకు చాపి పెట్టుకో. రూములో వండుకునే తిండి అన్నం, పచ్చడి, టమాటా చారు దగ్గర ఆగిపోకూడదు. రోజూ రెండు మూడు గుడ్లు, గట్టి పప్పు, పెరుగు, పల్లీలు, వారానికోసారి చికెన్, ఇవి ఖరీదైనవేమీ కావు, జిమ్‌లో అమ్మే పౌడర్ డబ్బాల కంటే చాలా చవక.

ఎన్నాళ్లకు తగ్గుతుందని అడుగుతావు. మెట్ల నొప్పిలో తేడా మూడు నాలుగు వారాల్లో కనపడాలి, గట్టిగా పరుగెత్తే మోకాలు కావాలంటే ఎనిమిది నుంచి పన్నెండు వారాలు పడుతుంది. మధ్యలో ఒకటి రెండు చెడ్డ రోజులు వస్తాయి, ఆ రోజు నొప్పి అయిదుకు పోతుంది, మొత్తం పాడైపోయిందని అనిపిస్తుంది. పాడవదు. ఒక మెట్టు వెనక్కి దిగి రెండు రోజుల తర్వాత మళ్లీ అక్కడి నుంచే మొదలుపెట్టు. నీ దోస్తులు పొద్దున్నే బైపాస్ మీద పది కొడుతుంటే నువ్వు నిమిషం పరుగు, నిమిషం నడక చెయ్యడం నామోషీగా ఉంటుంది, నాకు తెలుసు. వేరే టైమ్‌కు వెళ్లు, లేదా వేరే చోటుకు వెళ్లు.

మూడు వారాలయ్యాక మళ్లీ రాయి. మెట్లు దిగేటప్పుడు నొప్పి పదిలో ఎంతుంది, మర్నాటికి ఎంతుంది, పరుగు నిమిషాలు ఎంతదాకా వచ్చాయి, ఈ మూడు అంకెలు నోటుబుక్కులోంచి ఉన్నవి ఉన్నట్టు పంపు. దాన్ని బట్టి 200 మీటర్లు ఎప్పుడు మొదలుపెట్టాలో, లాంగ్ జంప్‌కు మోకాలు ఎప్పుడు సిద్ధమవుతుందో చెప్తాను.